బడి కంప్యూటర్లకు విండోస్ 11 కొనాలా, లైనక్స్ వేసుకోవాలా? పాత తెలుగు ఫైళ్లను ఏం చేయాలి?

ప్రశ్న: హెచ్‌ఎం_దేవరకొండ

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. మా బడి కంప్యూటర్ గదిలో పది, ఆఫీసు గదిలో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. అన్నీ 2017 ప్రాంతంలో కొన్నవే. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత తరహా హార్డ్ డిస్క్, అన్నింటిలోనూ విండోస్ 10. దానికి 2025 అక్టోబరు 14తో మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కు మారదామంటే కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలట. మా యంత్రాలకు ఆ అర్హత లేదు.

పూర్వ విద్యార్థుల బృందం ఒకటి బడికి కొంత సొమ్ము ఇవ్వడానికి ముందుకు వచ్చింది. ఆ సొమ్ముతో కొత్త కంప్యూటర్లు కొంటే నాలుగు వస్తాయి. పాతవాటికే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త తరహా డిస్క్) వేయించి లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారితే పన్నెండూ నిలబడతాయని వారిలోనే ఒక ఇంజనీరు అంటున్నారు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో ఈ సంగతి పెట్టినప్పుడు తల్లులు సూటిగా ఒకటే అడిగారు: బయటికి వెళ్లాక పనికొచ్చేదే మా పిల్లలకు నేర్పుతారా, లేదా? దానికి నేను గట్టిగా బదులు చెప్పలేకపోయాను.

ఇంకొక చిక్కు కూడా ఉంది. చాలా ఏళ్లుగా మా బడిలో తయారైన తెలుగు పత్రాలన్నీ, అంటే ప్రశ్నపత్రాలు, కమిటీ తీర్మానాలు, వార్షికోత్సవ నివేదికలు, బడి చరిత్ర మీద ఒక విశ్రాంత తెలుగు పండితులు రాసిన చిన్న పుస్తకం, ‘అను’ అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫాంట్లలోనే ఉన్నాయి. కొన్ని వర్డ్ ఫైళ్లు, కొన్ని పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్ ఫైళ్లు. వాటిని టైపు చేసిన ఉద్యోగి బదిలీ అయి వెళ్లారు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఆంగ్ల అక్షరాలు, డాలరు గుర్తులు, అర్థంకాని గీతలు కనిపిస్తున్నాయి. లైనక్స్‌కు మారితే ఇవి శాశ్వతంగా పోతాయా? విండోస్‌లోనే ఉంటే భద్రంగా ఉంటాయా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

మిర్యాలగూడ_ఇంజనీర్

మేడం గారికి నమస్కారం. ముందుగా విండోస్ 10 గురించి ఒక మాట. గడువు దాటినంత మాత్రాన అది పనిచేయడం మానదు. కొత్తగా బయటపడే లోపాలకు మాత్రం మరమ్మతు రాదు. కాబట్టి కంగారుపడి ఈ వారమే ఏదో ఒకటి కొనవలసిన పనిలేదు, అలాగని ఇంటర్నెట్‌కు తగిలించి ఏళ్ల తరబడి వదిలేయడమూ మంచిది కాదు. విద్యాసంస్థలకు మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా అప్‌డేట్లను మూడేళ్ల పాటు అమ్ముతోంది. వాల్యూమ్ లైసెన్సు (ఎక్కువ యంత్రాలకు కలిపి సంస్థలు తీసుకునే లైసెన్సు) పద్ధతిలో ఒక్కో యంత్రానికి మొదటి ఏడు 1 డాలరు, రెండో ఏడు 2, మూడో ఏడు 4 డాలర్లు. మిగతా సంస్థలకు మొదటి ఏడాదికే 61 డాలర్లు పెట్టారు కనుక బడులకు ఇది నామమాత్రపు ధరే. అయితే ఒక్క బడి తనంతట తాను ఆ ఒప్పందంలోకి వెళ్లడం కన్నా జిల్లా విద్యాశాఖ పూనుకుంటేనే సులువు.

నా సలహా ఏమిటంటే, కంప్యూటర్ గదిలోని పది యంత్రాలకూ లైనక్స్ వేయండి. మీ యంత్రాలకు లైనక్స్ రకాల్లో ఒకటైన లైనక్స్ మింట్ 22లో, తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం సరిపోతుంది. అది 4 జీబీ ర్యామ్‌లోనూ నడుస్తుంది, దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండింటికీ డబ్బు చాలకపోతే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఆ యంత్రాలను నెమ్మది చేస్తున్నది చాలావరకు పాత హార్డ్ డిస్కే. ఒక యంత్రంలో పెన్ డ్రైవ్ నుంచే లైనక్స్‌ను నడిపి చూడవచ్చు. లోపలి విండోస్‌ను ముట్టుకోవలసిన పని కూడా ఉండదు.

తల్లులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. దానికి కేరళ ఒక మంచి సమాధానం. అక్కడ 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం కాలక్రమంలో పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకోగల సాఫ్ట్‌వేర్) వైపు మళ్లింది. 2017లో అదే కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మారింది. అక్కడి పదో తరగతి పిల్లలు ఐటీ ప్రాక్టికల్ పరీక్ష కూడా లైనక్స్ మీదే రాస్తారు. పాఠ్యపుస్తకం, ఉపాధ్యాయుల శిక్షణ, పరీక్ష, మూడూ ఒకే సాఫ్ట్‌వేర్ చుట్టూ అల్లుకుని ఉండటం వల్లనే అది అంతకాలం నిలిచిందని నా అభిప్రాయం. మన దగ్గర ఆ మూడింటిలో ఏదీ సిద్ధంగా లేదని ఒప్పుకోవాలి. కేంద్ర ప్రభుత్వం మాత్రం 2015లోనే ఓపెన్ సోర్స్ (మూల కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) విధానాన్ని ప్రకటించింది. శాఖలు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని, దాన్ని పక్కనపెడితే కారణం చెప్పాలని అందులో ఉంది.

ఇక పిల్లల సంగతి. ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత ప్రోగ్రాము లిబ్రేఆఫీస్‌లోని కాల్క్‌లో కూడిక, సగటు, వడపోత నేర్చుకున్న పిల్లవాడు ఎక్సెల్ ముందు కూర్చుంటే బటన్లు వెతుక్కోవడానికి కొంత సమయం పడుతుందేమో గానీ, పని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కరలేదు. పైథాన్, స్క్రాచ్, జియోజెబ్రా వంటివి విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ ఒకటే. పైగా ఆ తల్లుల చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నది కూడా లైనక్స్ కెర్నెలే, అంటే దాని మూల భాగమే.

పాలమూరు_డీటీపీ

మేడం, ఇంజనీరు సార్ చెప్పింది బాగానే ఉంది గానీ, మీరు చివర అడిగిన ప్రశ్ననే ముందు తేల్చుకోవాలి. మహబూబ్‌నగర్‌లో చాలాకాలంగా డీటీపీ సెంటర్ నడుపుతున్నవాడిగా చెబుతున్నాను, ముందు ఫైళ్లు, ఆ తర్వాతే యంత్రాలు. మీ రాతలు ఒకానొక ఫాంటుకు కట్టుబడి ఉన్నంతకాలం విండోస్ 11 కొన్నా, లైనక్స్ వేసినా ఈ చిక్కు మీ వెంటే వస్తుంది.

ఎందుకంటే, అను వంటి ఫాంట్లు తయారైన రోజుల్లో కంప్యూటర్‌కు తెలుగు తెలియదు. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, సామాన్యులు వాడే విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు అడుగుపెట్టింది 2001లో వచ్చిన ఎక్స్‌పీతోనే. అందాకా పత్రికలు, కరపత్రాలు, పెళ్లి కార్డులు ఆగవు కదా. అందుకని ఆంగ్ల అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చారు. అక్షరపు ఒళ్లు ఒక చోట, తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, వత్తు మరొక చోట. మీ ఫైలు లోపల నిజంగా ఉన్నది ఆంగ్ల అక్షరాల వరుస. ఫాంటు దానికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు లేకపోతే వేషం ఊడిపోతుంది. అప్పట్లో అది తెలివైన ఉపాయమే, దాని పుణ్యాన తెలుగు ముద్రణ ఎంతో ముందుకు పోయింది. ఈ రోజు మాత్రం ఆ ఫైళ్లలో ఒక పేరు వెతికితే దొరకదు. ఎక్సెల్‌లో పేర్లను వరుసలో పెట్టమంటే అకారాది క్రమం బదులు ఆంగ్ల సంకేతాల క్రమం వస్తుంది. చూపులేని పిల్లలకు తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని అర్థంలేని ఆంగ్లంగా చదువుతుంది. ఈ చివరి కారణం ఒక్కటి చాలు, ప్రభుత్వ బడిలో ఇకపై ఆ పద్ధతిలో కొత్త ఫైలు చేయకూడదనడానికి. ఈ-గవర్నెన్స్‌లో భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని కేంద్ర ప్రభుత్వం 2009 నవంబరులోనే ప్రకటించింది కూడా.

ఇప్పుడు మార్పిడి ఎలాగో చెబుతాను. అన్ని ఫైళ్లనూ ఉన్నవి ఉన్నట్టుగా రెండు వేర్వేరు చోట్ల కాపీ తీయండి. అను ఫాంట్లు ఇంకా పనిచేస్తున్న కంప్యూటర్ ఒకటి వెతికి పట్టుకుని, ముఖ్యమైన ప్రతి ఫైలునూ ఫాంటుతో సహా పీడీఎఫ్ చేయండి. రేపు ఏ మార్పిడి బెడిసికొట్టినా, అసలు ఎలా ఉండేదో చూసుకోవడానికి అది సాక్ష్యం. ఆ తర్వాతే అక్షరాల మార్పిడి. నెట్‌లో ఉచిత కన్వర్టర్లు దొరుకుతాయి. అను వెర్షన్‌ను బట్టి ముక్కల స్థానాలు కొంత మారతాయి కనుక ముందుగా ఒక్క పేజీతో పరీక్షించండి. రావత్తు, క్షకారం, రెండు వత్తులు కలిసిన చోట్లు, సున్నాలు, ఇవే ఎక్కువగా చెడిపోయేవి.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఫైలు మధ్యలో ఆంగ్ల పదాలో, లెక్కల గుర్తులో ఉంటే వాటినీ కన్వర్టర్ తెలుగు ముక్కలుగానే భావించి పిచ్చి అక్షరాలుగా మారుస్తుంది. వర్డ్ ఫైలులో ఏ పదం ఏ ఫాంటులో ఉందో నమోదై ఉంటుంది. దాన్ని కాపీ చేసి ఉత్తి పాఠ్యంగా కన్వర్టర్‌లో అతికించినప్పుడు ఆ సమాచారం పోతుంది. అందుకని వర్డ్ ఫైలునే నేరుగా తీసుకుని, ఫాంటును చూసి మార్చే సాధనం దొరికితే మేలు. లేదంటే గణితం, సైన్స్ ప్రశ్నపత్రాలను మార్చడం కన్నా మళ్లీ టైపు చేయడమే త్వరగా అవుతుంది. తీర్మానాలు, నివేదికలు, బడి చరిత్ర మాత్రం తప్పక మార్పించండి.

పేజ్‌మేకర్ ఫైళ్లను ఇంకా వాయిదా వేయకండి. పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ ప్రోగ్రాములో ఆ ఫైళ్లను తెరిచే వీలు సీఎస్6 వెర్షన్‌తో ఆగిపోయింది. లిబ్రేఆఫీస్‌లో 4.4 వెర్షన్ నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచే ఏర్పాటు ఉంది. పేజీ కూర్పు చెదిరినా పాఠ్యం చేతికి వస్తుంది.

నా వృత్తిలోని వాళ్లు ఇంకా అను ఎందుకు వదలరని మీరు అడగవచ్చు. ఫాంట్లలో అంత వైవిధ్యం, చేతికి అలవాటైన కీబోర్డు, పేజ్‌మేకర్‌లో వచ్చే వేగం, ఇవీ కారణాలు. పెళ్లి కార్డుకు నేను ఇప్పటికీ అదే వాడతాను, ఎందుకంటే ఆ కార్డులో పేరును పదేళ్ల తర్వాత ఎవరూ కంప్యూటర్‌లో వెతకరు. బడి రికార్డును వెతుకుతారు. యూనికోడ్‌లో కూడా ఇప్పుడు రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి వంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి, ప్రశ్నపత్రానికీ ఆహ్వానపత్రానికీ అవి చాలు. ఆపిల్ అనే తెలుగు కీబోర్డు అమరికకు అలవాటుపడిన టైపిస్టు ఎవరైనా మీకు దొరికితే, లైనక్స్‌లో ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేయండి. అందులో తెలుగుకు ప్రభుత్వ ప్రమాణ అమరిక ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆపిల్ లేఅవుట్ కూడా ఉంది, చేతి అలవాటు మార్చుకోకుండానే యూనికోడ్‌లో టైపు చేయవచ్చు.

వనపర్తి_గుమస్తా

ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే వ్యక్తిగా ఒక హెచ్చరిక. కంప్యూటర్ గది లైనక్స్‌కు మారితే నాకు అభ్యంతరం లేదు. ఆఫీసు గదిలోని రెండింటినీ మాత్రం ఒకేసారి మార్చవద్దు. పైనుంచి వచ్చే ఎక్సెల్ నమూనాల్లో మాక్రోలు (ఫైలు లోపలే రాసిన చిన్న ప్రోగ్రాములు) ఉంటాయి, అవి లిబ్రేఆఫీస్‌లో సరిగా నడవకపోవచ్చు. డిజిటల్ సంతకపు టోకెన్లకు లైనక్స్ డ్రైవర్లు ఉన్నా, ఆ సంతకాన్ని అడిగే వెబ్‌సైటు తోడు ప్రోగ్రాము విండోస్‌కే తయారై ఉండవచ్చు. వేలిముద్ర పరికరాల సంగతీ అంతే. నివేదిక పంపవలసిన చివరి రోజు సాయంత్రం ఈ సంగతి తెలిస్తే, తప్పు లైనక్స్ మీదికీ, దాన్ని తెచ్చిన హెచ్‌ఎం మీదికీ పోతుంది.

ఈ బాధకు మూలం మన ఊళ్లలో లేదు. ఒక ప్రభుత్వం సేవలను ఏ సాంకేతికత మీద కడుతుందో, ప్రజలు ఏ యంత్రం కొనాలో కూడా దాంతోనే నిర్ణయమైపోతుంది. దక్షిణ కొరియాలో 1990ల చివర ఆన్‌లైన్ లావాదేవీల కోసం ప్రభుత్వ గుర్తింపు పొందిన సర్టిఫికెట్లు, వాటికి యాక్టివ్‌ఎక్స్ ప్లగిన్లు (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) వచ్చాయి. యాక్టివ్‌ఎక్స్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే పనిచేస్తుంది. ఫలితంగా అంత ముందున్న దేశంలో బ్యాంకు పనికైనా ప్రభుత్వ పనికైనా జనం ఏళ్ల తరబడి ఆ ఒక్క బ్రౌజర్‌కే కట్టుబడ్డారు. ఆ సర్టిఫికెట్ల ప్రత్యేక హోదాను చట్టం ద్వారా తొలగించింది 2020 డిసెంబరులో. ఆ బ్రౌజర్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది 2022 జూన్ 15న. మన దగ్గరా ఒకప్పుడు ఆ బ్రౌజర్ కోసమే కట్టిన ప్రభుత్వ సైట్లు తక్కువేమీ కాదు.

లైనక్స్ అభిమానులు జర్మనీలోని మ్యూనిక్ నగరం కథ కూడా పూర్తిగా చెప్పాలి. అక్కడి నగరపాలక మండలి 2003లో లైనక్స్‌కు మారాలని తీర్మానించి, సుమారు 15,000 కంప్యూటర్లను 2013 నాటికి మార్చింది. 2017లో అదే మండలి మళ్లీ విండోస్‌కు పోవాలని ఓటు వేసింది. నాయకత్వం మారడం, ఉద్యోగుల ఫిర్యాదులు, విండోస్‌కే దొరికే కొన్ని ప్రత్యేక ప్రోగ్రాములు, బయటి కార్యాలయాలతో పత్రాల ఇచ్చిపుచ్చుకోవడంలో ఇబ్బందులు, ఇలా ఎవరికి తోచిన కారణం వారు చెబుతారు. నాకు అందులో కనిపించేది ఒక్కటే, నిర్ణయం తీసుకున్న మనిషి వెళ్లిపోయాక దాన్ని మోసేవారు లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ నిలవదు. మేడం, మీకు బదిలీ అయితే ఈ పది కంప్యూటర్లను చూసేదెవరు? ఆ పేరు ముందు తేల్చుకోండి. గణితం సారో, బయాలజీ మేడమో, ఇష్టం ఉన్న ఇద్దరు ఉంటే చాలు.

ఒక యంత్రంలో మాత్రం విండోస్ ఉంచండి, అది లైసెన్సు ఉన్నదై ఉండాలి. నెట్‌లో దొరికే యాక్టివేటర్లతో నడిపే దొంగ విండోస్ కన్నా అప్‌డేట్లు ఆగిన అసలు విండోస్ నయం. ప్రింటర్ విషయం కూడా ముందే చూసుకోండి. మీ మోడల్‌కు లైనక్స్ డ్రైవర్ లేకపోతే టీసీలు, బోనఫైడ్‌లు ఆగిపోతాయి.

కల్వకుర్తి_పేరెంట్

నా కూతురు ఇలాంటి బడిలోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. పెద్దలంతా ఏ సాఫ్ట్‌వేర్ అని వాదిస్తున్నారు గానీ, వారానికి ఎన్ని పీరియడ్లు కంప్యూటర్ గది తాళం తీస్తారన్నదే తల్లిదండ్రులకు ముఖ్యం. నాలుగు కొత్త యంత్రాలు కొంటే నలభై మంది పిల్లలు వాటి చుట్టూ నిలబడి చూస్తారు, పది పాతవి నడిస్తే నలుగురికి ఒకటి దక్కుతుంది. ఎంచుకోవడానికి నాకు ఆ లెక్క చాలు. తెలుగు టైపింగ్ కూడా నేర్పండి. మా పాప ఫోనులో తెలుగును ఆంగ్ల అక్షరాలతోనే రాస్తుంది.

హెచ్‌ఎం_దేవరకొండ

అందరికీ ధన్యవాదాలు. ముందు ఫైళ్లు భద్రం చేసి, ఆ తర్వాత పది యంత్రాలను మార్చి, ఆఫీసులో ఒకదానిలో విండోస్ ఉంచుకోవాలన్న ఆలోచనకు వస్తున్నాను. బాధ్యత తీసుకోవడానికి గణితం సార్, తెలుగు మేడం ఒప్పుకున్నారు. ఇంకొక ప్రశ్న ఉంది. అడ్మిషన్ రిజిస్టరులోని పేర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకుంటున్నాము. బడుల వివరాల జాతీయ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ఉన్న పేరు ఆధార్‌లోని పేరుతో సరిపోలక అపార్ అనే విద్యార్థి గుర్తింపు సంఖ్య రాని పిల్లలు మా దగ్గర ఉన్నారు. తెలుగు పేరే ముఖ్యంగా పెట్టుకోవాలా, ఆంగ్లం పేరు పెట్టుకోవాలా? దేన్ని నమ్మాలి?

నారాయణపేట_రికార్డులు

మేడం, పేరును దేనికీ ఆధారంగా పెట్టుకోవద్దు. అడ్మిషన్ నంబరును ఆధారంగా పెట్టుకుని, పక్కన మూడు గడులు వేరువేరుగా ఉంచండి: రిజిస్టరులో రాసిన తెలుగు పేరు, బడి రికార్డులోని ఆంగ్లం పేరు, ఆధార్‌లో అక్షరం పొల్లుపోకుండా ఎలా ఉంటే అలా ఆ పేరు. ఒకదాన్ని చూసి మరొకదాన్ని సరిదిద్దకండి. తేడా ఉంటే తేడా కనిపించాలి, సవరణ దరఖాస్తుకు ఆ తేడాయే ఆధారమవుతుంది.

యూనికోడ్‌కు మారితే పేర్ల చిక్కులన్నీ తీరిపోతాయని డీటీపీ గారి మాటలను బట్టి అనుకోవద్దు. కంటికి ఒకేలా కనిపించే పేరు లోపల రెండు రకాలుగా ఉండవచ్చు. వెంకటయ్య అనే పేరులో సున్నాను ఒకరు అనుస్వారంగా కొడతారు, ఇంకొకరు తెలుగు అంకె సున్నాను కొడతారు. తెరమీద తేడా దాదాపు తెలియదు గానీ, వెతికితే ఒకటి దొరికి మరొకటి దొరకదు. రాజ్‌కుమార్‌లో జకారపు పొల్లు తర్వాత కనిపించని ఒక విభజన సంకేతం ఉంటుంది. అది లేకపోతే కకారం వత్తుగా కిందికి దిగుతుంది. కొందరు ఆ సంకేతం బదులు ఖాళీ వదిలి రెండు పదాలు చేస్తారు. ఐత్వం సైతం యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ, రెండు గుర్తుల కూర్పుగానూ రాయవచ్చు. కాబట్టి పేర్లు ఎక్కించే ఇద్దరు ముగ్గురు ఒకే కీబోర్డు పద్ధతిని వాడాలి. చివరలో అంకె సున్నాల కోసం మొత్తం జాబితాను ఒకసారి వెతకాలి.

ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కానీ మన రాష్ట్రంలోనే సమగ్ర వేదిక అనే వ్యవస్థ వివిధ శాఖల డేటాబేసుల్లోని పేర్లు, చిరునామాలు వంటి వివరాలను కంప్యూటర్‌తో పోల్చి, ఫలానా కుటుంబానికి ఫలానా ఆస్తి ఉందని అంచనా వేసేది. పేరు దగ్గరగా ఉన్న వేరెవరిదో కారు తమ కుటుంబానికి అంటగట్టడంతో రేషన్ కార్డు దక్కని పేదల ఉదంతం పత్రికల్లో వచ్చింది. రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పోల్చే సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా, ఇంటికి వెళ్లి అడిగే మనిషిని తీసివేసిన తర్వాత తప్పు పట్టుకునేవారే ఉండరు. గుమస్తా గారు యంత్రం చూసే మనిషి పేరు అడిగారు, నేను జాబితాను సరిచూసే మనిషి పేరు కూడా అడుగుతున్నాను. ఏడాదికి ఒకసారి తల్లిదండ్రుల సమావేశంలో జాబితాను ముద్రించి వారి చేతికే ఇచ్చి చదివించండి.

ఆ జాబితాను ఏ ప్రోగ్రాములో చేసినా, ప్రతి టర్ము చివర సీఎస్‌వీగా (ఏ ప్రోగ్రాములోనైనా తెరుచుకునే సాదా పాఠ్యపు పట్టికగా) కూడా దాచండి. భూముల రికార్డులకు 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చింది, మధ్యలో నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి మారింది. భూ భారతిని మొదట ప్రయోగించిన నాలుగు మండలాల్లో మా జిల్లాలోని మద్దూరు ఒకటి. పోర్టళ్లు ఇలా మారుతూనే ఉంటాయి, రైతుకు కావలసింది మాత్రం తన పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఒకదాని నుంచి ఇంకొకదానికి చెక్కుచెదరకుండా చేరడం. బడికీ అంతే. ఎక్సెల్‌లో దాచేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఉన్నదాన్నే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీగా దాస్తే తెలుగు స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. లిబ్రేఆఫీస్ తెరిచేటప్పుడే ఏ ఎన్‌కోడింగ్ (అక్షరాల సంకేత పద్ధతి) అని అడుగుతుంది, ఈ పనికి అదే నయం. పుట్టినతేదీ గడిని పాఠ్యంగా పెట్టడం మరచిపోకండి, లేకపోతే రోజు, నెల తారుమారవుతాయి.

హెచ్‌ఎం_దేవరకొండ

చాలా ఉపయోగపడింది. ఆఖరుగా ఒక సందేహం. మా స్కూల్ కాంప్లెక్స్‌లోని మిగతా బడులు ప్రశ్నపత్రాలను అనులోనే చేస్తాయి. మేము యూనికోడ్‌లో చేసి పంపితే వారి దగ్గర తెరుచుకుంటుందా? పేజ్‌మేకర్ ఫైళ్లు లిబ్రేఆఫీస్‌లో కొన్నే తెరుచుకున్నాయి.

పాలమూరు_డీటీపీ

ముద్రణకు పంపేటప్పుడు పీడీఎఫ్ పంపండి మేడం. ఫాంటు అందులోనే ఇమిడి ఉంటుంది కనుక వారి దగ్గర ఏ ఫాంటు లేకపోయినా ఉన్నది ఉన్నట్టు వస్తుంది. దిద్దుకోవలసిన ప్రతి అయితే ఓడీటీ (లిబ్రేఆఫీస్ ఫైలు)తో పాటు డాక్ఎక్స్ (వర్డ్ ఫైలు) కూడా జతచేయండి. వర్డ్‌లో తెరిచినప్పుడు రామభద్ర లేకపోతే నిర్మల ఫాంటులో కనిపిస్తుంది, పేజీలు కొంచెం అటూ ఇటూ జరుగుతాయి గానీ అక్షరం చెడిపోదు. వారు పంపే అను ఫైళ్లను మీరు మార్చుకుంటూ కూర్చోవద్దు, పీడీఎఫ్ పంపమనండి.

తెరుచుకోని పేజ్‌మేకర్ ఫైళ్లు ఏ వెర్షన్‌లో చేసినవో చూడాలి. ఫైలు పేరు చివర పీఎండీ ఉంటే 7.0 ది, పీ65 ఉంటే 6.5 ది. బడి చరిత్ర పుస్తకం తెరుచుకోని వాటిలో ఉంటే, మహబూబ్‌నగర్ వైపు వచ్చే ఎవరి చేతనైనా పెన్ డ్రైవ్‌లో పంపించండి. మా సెంటర్‌లో పాత కంప్యూటర్ ఒకటి పేజ్‌మేకర్‌తో ఇంకా నడుస్తోంది. పీడీఎఫ్ తీసి, పాఠ్యాన్ని వర్డ్‌లోకి ఎగుమతి చేసి ఇస్తాను. యూనికోడ్‌లోకి మార్చాక ప్రూఫ్ దిద్దడం మాత్రం మీ తెలుగు మేడం చేయాలి.